కోటి వెనకాల చివరి నాలుగంకెలు: కేరళ లాటరీ ఎలా నడుస్తుంది

శబరిమల సీజన్‌లో చెంగన్నూరు స్టేషన్ బయటికి రాగానే చెక్క స్టాండుకు క్లిప్పులతో వరసగా తగిలించిన రంగురంగుల టికెట్లు కనిపిస్తాయి. కొట్టాయంలోనూ ఎరుమేలిలోనూ అంతే. మన ప్రాంతం నుంచి వెళ్లిన స్వాముల్లో కొందరు అక్కడ ఆగి, 400 రూపాయలిచ్చి క్రిస్మస్ – న్యూ ఇయర్ బంపర్ (మామూలు వాటికంటే పెద్ద బహుమతుల లాటరీ) టికెట్టు ఒకటి కొని జేబులో పెట్టుకుంటారు. ముందువైపు 20 కోట్లు అని పెద్దక్షరాల్లో ఉంటుంది. వెనకవైపు నిబంధనలు చిన్నక్షరాల్లో ఉంటాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లాటరీ లేదు కాబట్టి ఆ టికెట్టును ఎలా చదవాలో మనలో చాలామందికి తెలియదు. డబ్బు ఎక్కడ పోతుందో, ఎక్కడ తగులుతుందో తెలియాలంటే ముందు దాని మీది నంబరును చదవడం రావాలి.

కేరళ ఈ పని 1967లో మొదలుపెట్టింది. అప్పటి ఆర్థిక మంత్రి పి.కె. కుంజు ఆలోచన అది. లాటరీకి ప్రత్యేకంగా ఒక శాఖ పెట్టి, రూపాయి టికెట్టు, 50,000 రూపాయల ఫస్ట్ ప్రైజ్‌తో 1968 జనవరి 26న మొదటి డ్రా తీశారు. మన దేశంలో రాష్ట్ర ప్రభుత్వమే లాటరీ నడపడం అదే మొదలు. ఇప్పుడు వారంలో రోజుకొక డ్రా ఉంది: సోమవారం భాగ్యతార, మంగళవారం స్త్రీశక్తి, బుధవారం ధనలక్ష్మి, గురువారం కారుణ్య ప్లస్, శుక్రవారం సువర్ణ కేరళం, శనివారం కారుణ్య, ఆదివారం సమృద్ధి. అన్నిటికీ టికెట్టు 50 రూపాయలు, ఫస్ట్ ప్రైజ్ కోటి. 2025 మే వరకు వీటిలో కొన్ని విన్ విన్, అక్షయ, నిర్మల్ వంటి పేర్లతో నడిచాయి. పాత ఫలితాలు వెతికేవాళ్లు అందుకే తికమకపడతారు. ఇవి కాక ఏడాదికి ఆరు బంపర్లు: క్రిస్మస్ – న్యూ ఇయర్, సమ్మర్, విషు, మాన్సూన్, తిరువోణం, పూజా. అన్నిటికంటే పెద్దది తిరువోణం బంపర్. 2022 నుంచి దాని టికెట్టు 500 రూపాయలు, ఫస్ట్ ప్రైజ్ 25 కోట్లు.

రోజుకొక పేరు ఎందుకంటే చట్టం అలా ఉంది. 1998 నాటి కేంద్ర లాటరీల నియంత్రణ చట్టం ప్రకారం ఒక లాటరీకి వారంలో ఒక్క డ్రా మించకూడదు. ఏడు రోజులూ డ్రా తీయాలంటే ఏడు లాటరీలు ఉండాలి. ఆరు బంపర్లన్న పరిమితి కూడా ఆ చట్టంలోదే. టికెట్టును రాష్ట్రమే తన ముద్రతో అచ్చువేయాలి, డ్రా రాష్ట్రమే తీయాలి, అదీ సొంత రాష్ట్రంలోనే తీయాలి, ఒకే అంకె మీద బహుమతి పెట్టకూడదు. ఈ చివరి షరతు అన్నిటికంటే ముఖ్యం. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

టికెట్టు మీది నంబరు

వారపు టికెట్టు మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు, వాటి పక్కన ఆరంకెలు ఉంటాయి. ఆ రెండక్షరాలే సిరీస్. ఉదాహరణకు కేఏ, కేబీ, కేసీ... ఇలా కేఎం దాకా వెళ్తుంది, మధ్యలో ఐ ఉండదు. మొత్తం 12 సిరీస్‌లు. ఒక్కో సిరీస్‌లో 1,00,000 నుంచి 9,99,999 దాకా నంబర్లు, అంటే 9 లక్షల టికెట్లు. పన్నెండు సిరీస్‌లూ పూర్తిగా అచ్చయితే 1 కోటీ 8 లక్షల టికెట్లు. ఈ ఒక్క సంఖ్య గుర్తుపెట్టుకుంటే తక్కిన లెక్కలన్నీ మీరే వేసుకోవచ్చు.

ఫస్ట్ ప్రైజ్ రావాలంటే సిరీస్, ఆరంకెలూ రెండూ కలవాలి. ఆ 1 కోటీ 8 లక్షల్లో అలాంటిది ఒక్కటే. అవే ఆరంకెలు ఉండి సిరీస్ వేరైన టికెట్లు 11 ఉంటాయి. వాటికి కన్సొలేషన్ ప్రైజ్ కింద కొన్ని వేలు వస్తాయి. ఫలితాల పట్టికలో తన ఆరంకెలు చూసి సిరీస్ చూడకుండా ఎగిరి గంతేసేవాళ్లు చాలాసార్లు ఈ 11 మందిలో ఒకరే. రెండో బహుమతి, మూడో బహుమతి దాటాక కింద ఉన్న బహుమతులన్నీ చివరి నాలుగంకెల మీదే నడుస్తాయి. అక్కడ సిరీస్‌తో పనిలేదు, ముందు రెండంకెలతోనూ పనిలేదు.

డ్రా తిరువనంతపురంలోని గోర్కీ భవన్‌లో మధ్యాహ్నం తీస్తారు. ఎవరైనా వెళ్లి చూడవచ్చు. న్యాయనిర్ణేతల బృందం ముందు యంత్రం బటన్ నొక్కుతారు. సిరీస్‌కు ఒక గడి, ఒక్కో అంకెకు ఒక్కో గడి తిరిగి ఆగుతాయి, ఆగిన వరసను చదివి రాసుకుంటారు. కింది బహుమతులకు నాలుగు గడులు చాలు. కానీ ఒక్కో బహుమతికి ఇలా పదుల సార్లు తిప్పాల్సి ఉంటుంది కాబట్టి ఆ పనికే ఎక్కువ సమయం పడుతుంది. సాయంత్రానికి పట్టిక బయటికి వస్తుంది, మర్నాడు పత్రికల్లో పడుతుంది. అయితే చెల్లుబాటయ్యేది మాత్రం కేరళ ప్రభుత్వ గెజిట్‌లో వచ్చిన పట్టికే. పత్రికలో అచ్చుతప్పు పడితే దాన్ని పట్టుకుని డబ్బు అడగడానికి వీల్లేదు.

చివరి నాలుగంకెల లెక్క, సెట్టు

నాలుగంకెల సంఖ్యలు 0000 నుంచి 9999 దాకా పదివేలు. ఒక సిరీస్‌లో 9 లక్షల టికెట్లున్నాయి కాబట్టి ఏ నాలుగంకెలు తీసుకున్నా వాటితో ముగిసే టికెట్లు ఆ సిరీస్‌లో 90 ఉంటాయి. పన్నెండు సిరీస్‌లకు 1,080. అంటే యంత్రం ఒక్కసారి నాలుగంకెలు చూపిస్తే 1,080 టికెట్లకు బహుమతి తగిలినట్టు.

5,000 రూపాయల బహుమతికి ఇరవై సార్లు నంబరు తీశారనుకోండి. 21,600 టికెట్లకు 5,000 చొప్పున మొత్తం 10 కోట్ల 80 లక్షలు. పోస్టరు మీద అంత పెద్దగా కనిపించే ఫస్ట్ ప్రైజ్ కోటి మాత్రమే! టికెట్లన్నీ అమ్ముడైతే వచ్చేది 54 కోట్లు. ఫస్ట్ ప్రైజ్ అందులో నూటికి రెండు రూపాయలకు కూడా చాలదు. మీ 50 రూపాయల్లో ఫస్ట్ ప్రైజ్ కోసం వెళ్లేది 93 పైసలు. 5,000 బహుమతి కోసం వెళ్లేది 10 రూపాయలు. మనిషి టికెట్టు కొనేది కోటి చూసి. వారం వారం మళ్లీ కొట్టు దగ్గరికి వచ్చేది మాత్రం ఆ కింది బహుమతుల వల్ల. వీధి చివర ఎవరికో ఒకరికి ఎప్పుడూ ఏదో ఒకటి తగులుతూ ఉండేలా ఈ పట్టికను పేరుస్తారు.

అన్ని కింది బహుమతులకూ కలిపి 300 నంబర్లు తీశారనుకుందాం. పదివేలల్లో మూడు వందలు, అంటే నూటికి మూడు. ఒక టికెట్టు కొన్నవాళ్లలో నూటికి 97 మందికి ఏమీ రాదు. వచ్చిన ముగ్గురిలో ఎక్కువమందికి వచ్చేది కూడా అన్నిటికంటే చిన్న బహుమతే. ఆ డబ్బుతో అక్కడే ఇంకో టికెట్టు కొనేస్తారు.

ఇక సెట్టు. ఒకే ఆరంకెలున్న టికెట్లను, లేదా చివరి నాలుగంకెలు ఒకటిగా ఉన్న టికెట్లను, సిరీస్‌లన్నిటి నుంచీ ఏరి ఒక కట్టగా అమ్ముతారు. దాన్ని సెట్టు అంటారు. పన్నెండు టికెట్ల సెట్టు 600 రూపాయలు. కొనేవాళ్ల నమ్మకం ఏమిటంటే పన్నెండు టికెట్లు ఉన్నాయి కదా, తగిలే అవకాశం పన్నెండింతలు పెరిగిందని. కింది బహుమతుల విషయంలో ఇది పూర్తిగా తప్పు. పన్నెండింటికీ చివరి నాలుగంకెలు ఒకటే కాబట్టి తగిలితే పన్నెండూ తగులుతాయి, పోతే పన్నెండూ పోతాయి. అవకాశం నూటికి మూడు దగ్గరే ఆగిపోతుంది. అదే 600 రూపాయలతో వేర్వేరు నాలుగంకెలున్న పన్నెండు టికెట్లు కొంటే కనీసం ఒకదానికి ఏదో ఒక బహుమతి తగిలే అవకాశం నూటికి 31 దాకా ఉంటుంది. సగటున తిరిగొచ్చే డబ్బులో మాత్రం తేడా లేదు. సెట్టులో అరుదుగా, పెద్దగా వస్తుంది. విడి టికెట్లలో తరచుగా, చిన్నగా వస్తుంది. 5,000 తగిలిన సెట్టుకు ఒకేసారి 60,000 వస్తుంది. ఆ వార్త ఊరంతా తిరుగుతుంది. వట్టిపోయిన సెట్టుల గురించి ఎవరూ చెప్పుకోరు. చిన్న అమ్మకందారుల దగ్గర మంచి నంబర్లు లేకుండా పెద్ద ఏజెంట్లు సెట్టుల కోసం టికెట్లు పోగేసుకుంటున్నారన్న గొడవ కూడా ఉంది. అందుకే సెట్టు అమ్మకాల మీద శాఖ ఆంక్షలు పెట్టింది.

గత ఫలితాలు గుదిగుచ్చి "ఈ నంబరు చాలా రోజులుగా పడలేదు, ఈ వారం తప్పక పడుతుంది" అని చెప్పే చార్టులు కొట్ల దగ్గరా ఫోన్లలోనూ తిరుగుతుంటాయి. నిన్న ఏం పడిందో యంత్రానికి గుర్తుండదు. ఆ చార్టులు పూర్తిగా దండగ.

50 రూపాయలు ఎటు పోతాయి

లాటరీ మీద జీఎస్టీ మొదట్లో రాష్ట్రం స్వయంగా నడిపేదానికి 12 శాతం ఉండేది. 2020 మార్చి 1 నుంచి 28 అయింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 40. ఈ పన్ను టికెట్టు ధరలోనే కలిసి ఉంటుంది. 50 రూపాయల టికెట్టులో పన్ను 14 రూపాయల 29 పైసలు, మిగిలేది 35 రూపాయల 71 పైసలు. బహుమతులు, ఏజెంట్ల కమీషన్, అచ్చు ఖర్చు, రాష్ట్రం లాభం అన్నీ ఇందులోంచే రావాలి. పన్ను పెరిగినప్పుడు కేరళ ధర పెంచలేదు. బహుమతుల మొత్తంలోనూ కమీషన్‌లోనూ కోత పెట్టింది. ధర అదే కాబట్టి కొనేవాళ్లకు తేడా తెలియలేదు, కానీ టికెట్టు విలువ తగ్గింది. బహుమతిగా తిరిగిచ్చే డబ్బు మీద కూడా పన్నేమిటని పంపిణీదారులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2020 డిసెంబర్‌లో కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. టికెట్టు ముఖవిలువ మొత్తం మీద పన్ను కట్టాల్సిందేనంది.

కేరళ లాటరీ అమ్మకాలు ఏడాదికి వేల కోట్లలో ఉంటాయి. ఆ అంకె వినగానే అంతా ఖజానాకే చేరుతుందనుకుంటారు. అమ్మకం వేరు, లాభం వేరు. అందులో ఎక్కువ భాగం బహుమతుల రూపంలో జనానికే తిరిగి వెళ్తుంది, మరో పెద్ద ముక్క ఏజెంట్లకు, అమ్మకందారులకు వెళ్తుంది. వీధుల్లో టికెట్లు అమ్మేవాళ్లలో చూపు లేనివాళ్లు, నడవలేనివాళ్లు, వయసు మళ్లినవాళ్లు చాలామంది. లాటరీ ఆపేయాలని కేరళలో ఎవరన్నా అంటే మొదట వచ్చే జవాబు వీళ్ల సంగతేమిటని. జీఎస్టీలో రాష్ట్రం వాటా మళ్లీ కేరళకే వస్తుంది కాబట్టి ఆ రాష్ట్రానికి లాభం ఒక దారి, పన్ను ఇంకో దారి. 2011లో కె.ఎం. మాణి ఆర్థిక మంత్రిగా ఉండగా మొదలైన కారుణ్య లాటరీ లాభాన్ని పేదల వైద్యానికి కేటాయించారు.

ఏజెంటు టికెట్లను ముందే డబ్బు కట్టి కొంటాడు. అమ్ముడు కాకపోతే వెనక్కి తీసుకోరు. డ్రా రోజు మధ్యాహ్నానికి చేతిలో మిగిలినవన్నీ అతని నష్టమే. అప్పుడప్పుడు "అమ్ముడుపోని టికెట్టుకే ఫస్ట్ ప్రైజ్, కొట్టువాడే కోటీశ్వరుడు" అన్న వార్త వస్తుంటే అందులో మోసమేమీ లేదు. ఆ టికెట్టు అతను తన డబ్బు పెట్టి కొన్నదే.

వేరే రకాలు, వేరే చోట్లు

నాగాలాండ్ నడిపే డియర్ లాటరీ ఇంకో పద్ధతిది. 2025లో టికెట్టు 6 రూపాయలు, ఫస్ట్ ప్రైజ్ కోటి, రోజుకు మూడు డ్రాలు: మధ్యాహ్నం 1కి, సాయంత్రం 6కి, రాత్రి 8కి. వారానికి ఒక్క డ్రా అన్న నియమం దీనికీ ఉంది. అందుకని వారంలో ప్రతి రోజుకూ, ప్రతి పూటకూ వేరే పేరు. అమ్మకాలు ఎక్కువగా పశ్చిమ బెంగాల్‌లో. 6 రూపాయల టికెట్టుతో ఒక్క కోటి ఇవ్వాలంటేనే పదిహేడు లక్షల టికెట్లు అమ్ముడుపోవాలి. దీని బలమంతా చవక ధర, త్వరగా తేలే ఫలితం. రోజుకు మూడుసార్లు ఆశ పెట్టుకోవచ్చు కాబట్టి కూలి డబ్బు ఖాళీ అయ్యేది కూడా ఇక్కడే ఎక్కువ.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు తెలిసిన పవర్‌బాల్ అసలు వేరే జాతి ఆట. అందులో నంబర్లు మీరే ఎంచుకుంటారు: 69లో ఐదు, 26లో ఒకటి. జాక్‌పాట్ తగిలే అవకాశం 29 కోట్ల 22 లక్షల్లో ఒకటి. ఎవరికీ తగలకపోతే డబ్బు తర్వాతి డ్రాకు పేరుకుంటుంది, ఇద్దరికి తగిలితే పంచుతారు. కేరళ పద్ధతిలో నంబరు ముందే అచ్చై ఉంటుంది, బహుమతి మొత్తం ముందే ఖరారై ఉంటుంది. గల్ఫ్‌లో మనవాళ్లు కలిసి కొనే అబుధాబి బిగ్ టికెట్ కూడా ఈ రెండో రకమే. ఒకటి గుర్తుంచుకోవాలి: ఇండియాలో కూర్చుని విదేశీ లాటరీ టికెట్టు కోసం డబ్బు పంపడాన్ని విదేశీ మారక నియమాలు నిషేధించాయి.

మన రాష్ట్రాల్లో ఎందుకు లేదన్నదానికి 1999లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ముఖ్యం. వేరే రాష్ట్రాల లాటరీని ఆపాలంటే ఆ రాష్ట్రం తన లాటరీ కూడా నడపకూడదని కోర్టు తేల్చింది. సొంతది అమ్ముకుంటూ పక్కవాళ్లది ఆపడం కుదరదు. తమిళనాడు 2003లో, కర్ణాటక 2007లో మొత్తానికే మానుకున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఆ వరసలోనే ఉన్నాయి.

ఎక్కడ మోసపోతారు

లాటరీ పేరుతో నడిచే అతి పెద్ద దందా అసలు లాటరీయే కాదు. కేరళ ఫస్ట్ ప్రైజ్ నంబరులో చివరి మూడంకెల మీద, లేదా చివరి ఒక్క అంకె మీద, చీటీ రాసి పందెం కడతారు. టికెట్టు ఉండదు, ప్రభుత్వానికి సంబంధం ఉండదు. సర్కారు డ్రాను ఫలితం కోసం వాడుకునే మట్కా ఇది. లాటరీలో కూడదని చట్టం అన్న ఒకే అంకె బహుమతి కూడా ఈ రకం ఆటే. మూడంకెలు కలిసే అవకాశం వెయ్యికి ఒకటి. ఇచ్చే డబ్బు అంతకంటే తక్కువ లెక్కన ఉంటుంది, ఇవ్వకపోతే అడిగే దిక్కు లేదు.

ఫోన్‌కు వచ్చే సందేశాల సంగతి చెప్పక్కర్లేదు. కేరళ లాటరీ ఆన్‌లైన్‌లో అమ్మరు. కాగితం టికెట్టు చేతిలో లేకపోతే మీరు లాటరీలో లేరు. "25 లక్షలు తగిలాయి, పన్ను ముందు కట్టండి" అని ఎవరన్నా అంటే అక్కడే దొంగతనం బయటపడ్డట్టు. నిజమైన బహుమతిలో పన్నును పట్టుకునే మిగతాది ఇస్తారు. గెలిచినవాళ్లను ముందుగా కట్టమని ఎక్కడా అడగరు.

మూడోది అమ్మకందారులకు జరిగే మోసం. వట్టిపోయిన టికెట్టు మీద ఒక అంకెను బ్లేడుతో గీకి, 3ను 8గా, 1ని 7గా దిద్ది, చూపు సరిగా లేని అమ్మకందారు దగ్గర 5,000 తీసుకుని వెళ్లిపోతారు. ఏజెంటు దగ్గరికి వెళ్లి స్కాన్ చేసినప్పుడు గానీ పాపం ఆ మనిషికి తెలియదు. నంబరు దిద్దగలరేమో గానీ పక్కనున్న క్యూఆర్ కోడ్‌ను దిద్దలేరు. అందుకే డబ్బు ఇచ్చే ముందు కోడ్ స్కాన్ చేయడం ఒక్కటే దారి.

తగిలితే

టికెట్టు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే. అందుకని కొన్నవెంటనే వెనకవైపు పేరు, చిరునామా రాసి సంతకం పెట్టాలి. నలుగురు కలిసి కొంటే నంబరు, ఎవరు ఎంత వేశారు అన్నది డ్రాకు ముందే ఒక కాగితం మీద రాసుకుని అందరూ సంతకం చేయాలి. 2023లో పరప్పనంగాడిలో చెత్త సేకరించే 11 మంది హరితకర్మసేన మహిళలు 250 రూపాయల మాన్సూన్ బంపర్ టికెట్టు చందా వేసుకుని కొంటే 10 కోట్లు తగిలాయి. 25 రూపాయలు లేక ఇద్దరు కలిసి ఒక వాటా వేసుకున్నారు.

5,000 దాకా ఏ లాటరీ కొట్టులోనైనా ఇస్తారు. లక్ష దాకా జిల్లా లాటరీ ఆఫీసులో, ఆ పైన తిరువనంతపురంలోని డైరెక్టరేట్‌లో, లేదా బ్యాంకు ద్వారా. డ్రా తేదీ నుంచి 30 రోజుల్లోపు టికెట్టు అప్పగించాలి. దానితో పాటు టికెట్టుకు రెండువైపులా జిరాక్స్, గెజిటెడ్ అధికారి గానీ నోటరీ గానీ ధ్రువీకరించిన ఫొటోలు, రెవెన్యూ స్టాంపు మీద రసీదు, పాన్, గుర్తింపు కార్డు. వేరే రాష్ట్రం వాళ్లకూ ఇస్తారు: 2023 తిరువోణం బంపర్ తమిళనాడుకు, 2024లోది కర్ణాటకకు వెళ్లాయి. 2023లో ఆ టికెట్టు తమిళనాడులో దొంగచాటుగా అమ్మిందన్న ఫిర్యాదు కూడా వచ్చింది. కాబట్టి టికెట్టు మీద ఏజెంటు ముద్ర ఉందో లేదో చూసుకోండి, ఏ ఊళ్లో ఏ కొట్టులో కొన్నారో రాసి పెట్టుకోండి.

చేతికి వచ్చేదెంత? పది శాతం ఏజెంటు కమీషన్ లెక్కన చూస్తే కోటిలో ముందు 10 లక్షలు అమ్మిన ఏజెంటుకు వెళ్తాయి. మిగిలిన 90 లక్షల మీద 30 శాతం, అంటే 27 లక్షలు, ఆదాయపు పన్ను పట్టుకుంటారు. ఖాతాలో పడేది 63 లక్షలు. చాలామంది లెక్క ఇక్కడితో అయిపోయిందనుకుంటారు, కాలేదు. ఆదాయం 50 లక్షలు దాటింది కాబట్టి పన్ను మీద 10 శాతం సర్‌చార్జి 2 లక్షల 70 వేలు, పన్ను, సర్‌చార్జి రెండిటి మీదా కలిపి 4 శాతం సెస్ మరో లక్షా 18 వేల 800. ఇవి పట్టుకోరు, గెలిచినవాళ్లే కట్టాలి. చివరికి మిగిలేది 59 లక్షల 11 వేల చిల్లర. ఈ పన్నుకు కనీస మినహాయింపు లేదు, ఇన్నేళ్లు టికెట్లకు పోసిన డబ్బును ఖర్చుగా చూపే వీలూ లేదు. ఆ 3 లక్షల 88 వేల 800ను గెలిచాక ఆ ఆర్థిక సంవత్సరంలో మిగిలిన అడ్వాన్స్ టాక్స్ వాయిదాల్లో, వాయిదాలేవీ మిగలకపోతే మార్చి 31లోపు కట్టేస్తే వడ్డీ పడదు. 63 లక్షలూ ఇంటి స్థలానికి ఇచ్చేసినవాళ్లు చిక్కుకునేది ఈ బాకీ దగ్గరే.